డిలీట్ చేసిన పాత బిల్లులతో డేటాబేస్ 10 జీబీ నిండింది. అన్నీ ఒకేసారి తీసేయొచ్చా?

బెజవాడ_సిస్టమ్స్
మాది విజయవాడలో మందుల హోల్‌సేల్ ఫర్మ్, పార్ట్‌నర్‌షిప్. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వెనకాల ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ 2019 (మైక్రోసాఫ్ట్ ఉచిత డేటాబేస్) ఉంది. నిన్న సాయంత్రం కౌంటర్ రద్దీగా ఉన్న టైమ్‌లో బిల్లులు సేవ్ కావడం ఆగిపోయింది. ఎర్రర్ చూస్తే డేటాబేస్ సైజు లైసెన్స్ పరిమితి 10240 ఎంబీ దాటుతోందని ఉంది. పాత ఎస్ఎంఎస్ లాగ్ టేబుల్ ఒకటి ఖాళీ చేసి ఎలాగో నడిపించాం. ఇలా ఎక్కువ రోజులు నడవదు.

ఈ సాఫ్ట్‌వేర్‌లో ఏది డిలీట్ కొట్టినా నిజంగా పోదు. ఈజ్‌డిలీటెడ్ అనే కాలమ్‌లో 1 పడుతుంది, స్క్రీన్ మీద కనపడదు, అంతే. 2016 నుంచి క్యాన్సిల్ చేసిన బిల్లులు, తప్పు పడ్డ ఎక్స్‌పైరీ రిటర్న్‌లు, మూతపడ్డ మెడికల్ షాపుల ఖాతాలు అన్నీ లోపలే పోగుపడి ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ ఇచ్చినవాళ్లు పెద్ద ఎడిషన్ కొనమంటున్నారు. మా ఓనర్ గారు ఆ చెత్తంతా తీసెయ్యమంటున్నారు. ఈజ్‌డిలీటెడ్ 1 ఉన్న వరసలన్నీ (రికార్డులన్నీ) ఒక్క క్వెరీతో లేపేస్తే ఇబ్బంది ఏమైనా ఉందా? ఆదివారం కౌంటర్ ఉండదు.

కొత్త_కోడర్
ఒక్క లైన్ డిలీట్ క్వెరీ, వేర్ ఈజ్‌డిలీటెడ్ ఈక్వల్స్ 1. టేబుల్‌కి ఒకటి రాసుకుంటే అరగంట పని.

క్వెరీ_కామేశం
తమ్ముడూ, ఆ ఒక్క లైన్ ఎంతమంది ఆదివారాన్ని సోమవారం మధ్యాహ్నం దాకా లాగిందో నాకు తెలుసు.

లక్షల వరసలు ఒకే స్టేట్‌మెంట్‌లో డిలీట్ చేస్తే అది మొత్తం ఒకే ట్రాన్సాక్షన్, అంటే అయితే మొత్తం అవ్వాలి, లేదంటే మొత్తం వెనక్కి తిరగాలి. పూర్తయ్యేదాకా, మార్పులన్నీ రాసుకునే లాగ్ ఫైల్ ఉబ్బుతూనే ఉంటుంది. లాగ్ ఆ 10 జీబీ లెక్కలోకి రాదు, నిజమే. కానీ డిస్క్ నిండితే అక్కడే నిలబడుతుంది. మధ్యలో ఆపేస్తే వెనక్కి తిప్పడానికి పట్టే టైమ్ చాలాసార్లు డిలీట్‌కి పట్టిన టైమ్ కంటే ఎక్కువ. పైగా ఒకే స్టేట్‌మెంట్ ఒక టేబుల్ మీద సుమారు 5000 లాక్‌లు (వేరేవాళ్లు ముట్టుకోకుండా వేసే తాళాలు) తీసుకుందంటే ఎస్‌క్యూఎల్ సర్వర్ వాటన్నిటినీ కలిపి టేబుల్ మొత్తానికే లాక్ వేయడానికి చూస్తుంది. అందుకే 2000 చొప్పున లూప్‌లో తీయాలి, ప్రతి విడతా కమిట్ (ఖాయం) కావాలి. డేటాబేస్ సెట్టింగ్ సింపుల్ రికవరీ మోడల్ అయితే లాగ్ దానంతటదే తిరిగి వాడుకోబడుతుంది. ఫుల్ రికవరీ మోడల్ అయితే మధ్యమధ్యలో లాగ్ బ్యాకప్ తీస్తూ ఉండాలి.

ఇదంతా తర్వాతి మాట. బెజవాడ గారూ, ముందు అసలు ఏ టేబుల్ ఎంత తింటోందో చూశారా? మేనేజ్‌మెంట్ స్టూడియోలో డేటాబేస్ మీద రైట్ క్లిక్, రిపోర్ట్స్, స్టాండర్డ్ రిపోర్ట్స్, డిస్క్ యూసేజ్ బై టాప్ టేబుల్స్. అది ఇక్కడ పెట్టండి.

లెడ్జర్_లక్ష్మి
నేను సీఏని, టెక్నికల్ సంగతులు మీరు చూసుకోండి. కానీ "చెత్త" అన్న మాట దగ్గర ఆగాను. క్యాన్సిల్ చేసిన బిల్లు చెత్త కాదండీ. జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) డాక్యుమెంట్ల పట్టికలో ఏ నంబర్ నుంచి ఏ నంబర్ దాకా జారీ చేశారు, అందులో ఎన్ని క్యాన్సిల్ అయ్యాయి అని ఇస్తాం. రేపు ఆడిట్‌లో ఆఫీసర్ ఫలానా నంబర్ బిల్లు ఏమైందని అడిగితే క్యాన్సిల్ అయిందని చూపించడానికి మీ దగ్గర ఆ వరస ఉండాలి.

సీజీఎస్టీ చట్టం సెక్షన్ 36 ప్రకారం లెక్కలు 72 నెలలు ఉంచాలి. చాలామంది ఈ ఆరేళ్లనీ మార్చి 31 నుంచి లెక్కేస్తారు. అది తప్పు. ఆ సంవత్సరపు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి లెక్క. 2018-19 రిటర్న్ గడువు పొడిగిస్తూ పొడిగిస్తూ 2020 డిసెంబర్ 31 దాకా వెళ్లింది. అంటే ఆ ఏడాది లెక్కలు 2026 డిసెంబర్ 31 దాకా ఉండాలి. అప్పీల్ ఏదైనా నడుస్తుంటే అది తేలాక ఇంకో ఏడాది, లేదా ఈ 72 నెలలు, ఏది తర్వాత వస్తే అది. కంపెనీలైతే కంపెనీల చట్టం 2013, సెక్షన్ 128 కింద 8 ఆర్థిక సంవత్సరాలు. వాళ్లకు 2023 ఏప్రిల్ 1 నుంచి ఆపలేని ఆడిట్ ట్రెయిల్ (ప్రతి మార్పు చరిత్ర) కూడా తప్పనిసరి. మీది పార్ట్‌నర్‌షిప్ కాబట్టి ఆ రెండూ వర్తించవు, జీఎస్టీ మాత్రం వర్తిస్తుంది.

కొత్త_కోడర్
లక్ష్మి మేడమ్, మరి స్క్రీన్ మీద కనపడనప్పుడు ఆ వరస ఉన్నా లేకపోయినా ఒకటే కదా?

లెడ్జర్_లక్ష్మి
కనపడకపోవడం మీ సాఫ్ట్‌వేర్ లోపం. నంబర్ ఉండి, క్యాన్సిల్ ముద్రతో లిస్టులో కనపడాలి. టాలీలో చూడండి, ఆల్ట్ ఎక్స్ కొడితే క్యాన్సిల్, నంబర్ అలాగే ఉంటుంది. ఆల్ట్ డి కొడితే డిలీట్. రెండూ వేరు వేరు పనులు. మీ సాఫ్ట్‌వేర్ రెండిటినీ ఒకే కాలమ్‌లో కలిపేసినట్టుంది. తీసేసే ముందు ఆ రెండు రకాలనూ విడదీయాలి.

మిర్చియార్డ్_ఫాక్స్‌ప్రో
ఈ కథ మాకు కొత్త కాదు. గుంటూరులో కమీషన్ కొట్లకు ఫాక్స్‌ప్రో అనే పాత డేటాబేస్‌లో లెక్కల ప్రోగ్రాములు రాసిన రోజుల్లో డీబీఎఫ్ ఫైల్లో ప్రతి రికార్డు మొదటి బైట్ ఇందుకే ఉండేది. ఖాళీ ఉంటే బతికున్న రికార్డు, నక్షత్రం గుర్తు (*) పడితే డిలీట్ అయినట్టు. సెట్ డిలీటెడ్ ఆన్ అంటే కనపడవు, ఆఫ్ అంటే అన్నీ లేచి కూర్చుంటాయి. రీకాల్ కొడితే వెనక్కి వచ్చేవి. సీజన్‌లో ఒక గుమాస్తా రైతు పేరు మీదున్న బస్తాల ఎంట్రీ తీసేశాడు. సాయంత్రం రైతు డబ్బుకొచ్చి కూర్చుంటే ఖాతాలో ఏమీ లేదు. రీకాల్ ఆ రోజు ఆ కొట్టు పరువు నిలబెట్టింది.

నిజంగా తీసేయాలంటే ప్యాక్. టేబుల్ ఎక్స్‌క్లూజివ్‌గా తెరవాలి, అంటే అందరూ బయటికి రావాలి. బతికున్న రికార్డులన్నీ కొత్త ఫైల్‌కి రాసి పాతదాని స్థానంలో పెట్టేది. 2 జీబీ పరిమితి ఉండేది కాబట్టి ప్యాక్ తప్పించుకునే వీల్లేదు. మా పక్క కొట్టులో ప్యాక్ నడుస్తుండగా కరెంటు పోయింది, యూపీఎస్ చేతులెత్తేసింది. ఫైల్ మళ్లీ తెరుచుకోలేదు. ముందురోజు ఫ్లాపీల్లో తీసిన బ్యాకప్ ఉంది కాబట్టి ఒక్క రోజు ఎంట్రీలు మళ్లీ కొట్టుకుని బయటపడ్డారు.

అందుకే అడుగుతున్నా, బ్యాకప్ ఉందా? ఉందంటే సరిపోదు, వేరే మెషీన్లో రీస్టోర్ చేసి తెరిచి చూశారా?

వరంగల్_వెంకట్
ఫ్లాపీ అన్నారు, కళ్లు చెమర్చాయి అన్నా.

పోస్ట్‌గ్రెస్_ప్రేమి
పోస్ట్‌గ్రెస్ అనే ఇంకో డేటాబేస్‌లో కూడా ఇదే. డిలీట్ చేసినా పాత వరస అక్కడే ఉంటుంది, వాక్యూమ్ వచ్చి ఆ చోటు తిరిగి వాడుకునేలా చేస్తుంది. ఆపరేటింగ్ సిస్టమ్‌కి చోటు వెనక్కివ్వాలంటే మామూలుగా వాక్యూమ్ ఫుల్ చేయాలి, అది నడుస్తున్నంతసేపూ టేబుల్‌ని చదవడం కూడా కుదరదు. మా దగ్గర ఒక రిపోర్టింగ్ టూల్ ట్రాన్సాక్షన్ తెరిచి రాత్రంతా వదిలేసేది. దానికంటే తర్వాత చచ్చిన వరసల్ని వాక్యూమ్ ముట్టుకోలేదు, టేబుల్ పెరుగుతూనే పోయింది. అందరూ డిస్క్ కొందామనే అన్నారు, అసలు దొంగ ఆ కనెక్షన్.

వరంగల్_వెంకట్
ప్రేమి గారూ, ఏ థ్రెడ్‌లోకైనా పోస్ట్‌గ్రెస్ తెస్తారు మీరు. కానీ ఆ చివరి మాట నిజం. అసలు దొంగని ముందు పట్టుకోవాలి.

బెజవాడ_సిస్టమ్స్
@క్వెరీ_కామేశం గారూ, రిపోర్ట్ తీశాను. నేననుకున్నది వేరు, ఉన్నది వేరు.

ఈ-ఇన్‌వాయిస్ రెస్పాన్స్ టేబుల్ (బిల్లు ప్రభుత్వ పోర్టల్‌కి పంపితే వచ్చే జవాబులు) 4.1 జీబీ. సేల్స్‌డీటెయిల్ బ్యాకప్ 2019, సేల్స్ టెస్ట్ 2, ఐటమ్ ఓల్డ్ లాంటి పేర్లతో ఎవరో తీసి వదిలేసిన కాపీ టేబుల్స్ అన్నీ కలిపి 2.3 జీబీ. యూజర్ లాగ్ 1.2 జీబీ. ఈజ్‌డిలీటెడ్ 1 ఉన్న వరసలన్నీ అన్ని టేబుల్స్‌లో కలిపి లెక్కేస్తే అర జీబీ కూడా లేవు.

క్వెరీ_కామేశం
చూశారా. అవన్నీ తీసేసి ఉంటే వచ్చే చోటు అర జీబీ లోపు, పోయేది లక్ష్మి గారు చెప్పిన ఆధారం.

ముందు ఆ కాపీ టేబుల్స్. వాటిని ఏ ప్రొసీజర్, ఏ వ్యూ, ఏ రిపోర్ట్ వాడటం లేదని చూసుకోండి. వెంటనే డ్రాప్ చేయకుండా (టేబుల్‌నే తీసేయకుండా) పేరు మార్చి వారం రోజులు వదిలేయండి. ఏదీ అరవకపోతే డ్రాప్. డ్రాప్ టేబుల్ క్షణాల్లో అయిపోతుంది, వరస వరసా డిలీట్ అక్కర్లేదు. ఇది ముందు ఎందుకంటే తర్వాతి పనులకు లోపల ఖాళీ చోటు కావాలి.

యూజర్ లాగ్‌కి క్లస్టర్డ్ ఇండెక్స్ (వరసల్ని ఒక క్రమంలో పేర్చి ఉంచేది) ఉందా?

బెజవాడ_సిస్టమ్స్
లేదు. ఏ ఇండెక్సూ లేదు.

క్వెరీ_కామేశం
అనుకున్నా. అలా క్రమం లేని టేబుల్‌ని హీప్ అంటారు. హీప్‌లోంచి మామూలుగా డిలీట్ చేస్తే పేజీలు ఖాళీ అయినా టేబుల్ వాటిని వదలదు. వరసల సంఖ్య సగానికి పడినా సైజు అంతే చూపిస్తుంది, జనం కంగారు పడతారు. డిలీట్‌లో ట్యాబ్‌లాక్ హింట్ (టేబుల్ మొత్తానికి లాక్) ఇస్తే వదులుతుంది, లేదా తర్వాత ఆల్టర్ టేబుల్ రీబిల్డ్ చేయాలి. రీబిల్డ్ అంటే కొత్త కాపీ రాయడం, అందుకే చోటు కావాలన్నాను. నేనైతే తేదీ మీద క్లస్టర్డ్ ఇండెక్స్ పెట్టేస్తాను, రెండు పనులూ అయిపోతాయి.

ఈ-ఇన్‌వాయిస్ టేబుల్ కాలమ్స్ ఏమిటో చెప్పండి.

బెజవాడ_సిస్టమ్స్
బిల్లు ఐడీ, తేదీ, పంపిన జేసన్ (డేటాని టెక్స్ట్‌గా పంపే రూపం), వచ్చిన జేసన్, స్టేటస్. జేసన్ కాలమ్స్ రెండూ ఎన్‌వార్‌క్యార్ మ్యాక్స్ అనే పెద్ద టెక్స్ట్ రకం. ఒక్కో బిల్లుకి నాలుగైదు వరసలు కూడా ఉన్నాయి. నెట్ ఆగినప్పుడు కౌంటర్ అబ్బాయి మళ్లీ మళ్లీ నొక్కుతాడు, నొక్కినప్పుడల్లా కొత్త వరస. సగానికి సగం 2150 కోడ్‌తో వచ్చే డూప్లికేట్ ఐఆర్ఎన్ (పోర్టల్ ఒక్కో బిల్లుకిచ్చే నంబర్) ఎర్రర్లే.

హైటెక్_సంధ్య
మా రిటైల్ చెయిన్‌లో ఇదే సమస్య పరిష్కరించాం కాబట్టి చెప్తున్నా. ఒక్కో బిల్లుకి సక్సెస్ అయిన చివరి రెస్పాన్స్ ఒక్కటే అవసరం. అందులో ఐఆర్ఎన్, అక్నాలెడ్జ్‌మెంట్ నంబర్, తేదీ, సైన్ చేసిన క్యూఆర్ ఉంటాయి. ప్రింట్‌కి కావాల్సింది అదే. ఫెయిలైన ప్రయత్నాలు ఒక నెల తర్వాత ఎవరికీ అక్కర్లేదు. ముందు అవి తీసేయండి.

తర్వాత సైజు. ఎన్‌వార్‌క్యార్ అక్షరానికి రెండు బైట్లు తీసుకుంటుంది. సైన్ చేసిన ఇన్‌వాయిస్, క్యూఆర్ రెండూ మామూలు ఇంగ్లిష్ అక్షరాలూ అంకెలే. వాటిని వార్‌క్యార్ మ్యాక్స్‌లోకి మారిస్తే సగానికి దిగుతుంది. పేజ్ కంప్రెషన్ వీటి మీద పనిచేయదు, ఎందుకంటే పెద్ద విలువలు మామూలు పేజీ బయట ఉంటాయి. పాత సంవత్సరాలవైతే కంప్రెస్ ఫంక్షన్‌తో జీజిప్ చేసి వార్‌బైనరీలో పెట్టొచ్చు, 2016 వెర్షన్ నుంచి ఉంది. కొత్త కాలమ్ పెట్టి, విడతలుగా నింపి, పాత కాలమ్ డ్రాప్ చేశాక డీబీసీసీ క్లీన్‌టేబుల్ నడపడం మర్చిపోకండి. కాలమ్ డ్రాప్ చేసినంత మాత్రాన ఆ చోటు రాదు.

లెడ్జర్_లక్ష్మి
సంధ్య గారి మాటకి ఒక చేర్పు. ఐఆర్ఎన్ వచ్చి, 24 గంటల్లోపు పోర్టల్‌లో క్యాన్సిల్ చేసిన బిల్లులు ఉంటాయి. వాటి ఐఆర్ఎన్, క్యాన్సిల్ అయిన తేదీ రెండూ ఉంచండి. ఆ నంబర్‌తో మళ్లీ ఐఆర్ఎన్ పుట్టదు, కాబట్టి మీ సిరీస్‌లో ఆ నంబర్ శాశ్వతంగా ఖాళీ. దానికి జవాబు ఆ వరస ఒక్కటే. 24 గంటలు దాటినవి క్రెడిట్ నోట్‌తో సరిచేసి ఉంటారు, అవి ఎలాగూ మామూలు లెక్కల్లో ఉన్నాయి.

డల్లాస్_డీబీఏ
ఇంత శ్రమ దేనికి? ఎస్‌క్యూఎల్ సర్వర్ 2025 ఎక్స్‌ప్రెస్‌లో పరిమితి 50 జీబీ చేశారు, ఉచితమే. అప్‌గ్రేడ్ చేసి పడుకోండి.

క్వెరీ_కామేశం
@డల్లాస్_డీబీఏ గారూ, 50 జీబీ నిజమే, కానీ ఇతని సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆ వెర్షన్‌కి సపోర్ట్ ఇస్తుందా? ఎక్స్‌ప్రెస్ 2019లో బఫర్ మెమరీ (డేటాని ర్యామ్‌లో పట్టుకునే చోటు) 1410 ఎంబీ. ఇప్పుడే 10 జీబీ డేటాలో బిల్లు వెతకడానికి తడబడుతోంది, చెత్తతో సహా 30 జీబీకి పెరగనిస్తే కౌంటర్ దగ్గర క్యూ రోడ్డు మీదికొస్తుంది.

డల్లాస్_డీబీఏ
సపోర్ట్ సంగతి ఒప్పుకుంటా. కానీ మార్చి నెలాఖరులో డేటా మీద కత్తెర పెట్టమనడం కూడా నాకు నచ్చలేదు. ఆర్థిక సంవత్సరం మూసే టైమ్. కాపీ టేబుల్స్ ఇప్పుడు తీసి, మిగతాది ఏప్రిల్ రెండో వారానికి పెట్టుకోమనండి.

క్వెరీ_కామేశం
ఆ మాటకి నేనూ సరే.

వరంగల్_వెంకట్
ఇద్దరూ ఒప్పుకున్నారు, ఈ తేదీ రాసి పెట్టుకోండి ఎవరైనా.

కొత్త_కోడర్
మరి నిజంగా తీసేయాల్సిన ఈజ్‌డిలీటెడ్ వరసలు ఉన్నాయి కదా, 2016, 2017వి. అవి ఎలా? నేర్చుకోవాలని అడుగుతున్నా.

క్వెరీ_కామేశం
మంచి ప్రశ్న. 72 నెలలు దాటి, ఏ కేసూ లేదని సీఏ రాసిచ్చిన సంవత్సరాలవి మాత్రమే. కింద నుంచి పైకి వెళ్లాలి, అంటే ముందు డీటెయిల్ వరసలు (బిల్లులోని ఐటమ్‌లు), తర్వాత హెడర్ (బిల్లు ప్రధాన వరస). హెడర్ తీసేటప్పుడు దాని మీద ఆధారపడ్డ ప్రతి టేబుల్‌లోనూ ఆ ఫారిన్ కీ (హెడర్‌తో కలిపే లింకు) కాలమ్ మీద ఇండెక్స్ ఉందో లేదో చూడు. లేకపోతే ఒక్కో హెడర్ తీసేటప్పుడు పిల్ల టేబుల్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా వెతుకుతుంది. "డిలీట్ స్లోగా ఉంది" అని నా దగ్గరికొచ్చిన వాటిలో ఎక్కువ ఇదే.

ఇంకోటి, డిలీట్ మార్క్ పడ్డ షాపు ఖాతా మీద బతికున్న బిల్లులు ఉంటాయి. షాపు మూతపడింది, బాకీ మిగిలింది. ఆ ఖాతా వరస తీసేస్తే బాకీ ఎవరిదో తెలియదు. ఫారిన్ కీ ఉంటే సర్వరే ఆపుతుంది. చాలా లోకల్ సాఫ్ట్‌వేర్లలో అది ఉండదు, అక్కడ నువ్వే ఆపాలి.

బెజవాడ_సిస్టమ్స్
మా దాంట్లో ఫారిన్ కీ లేదు. ఇప్పుడే వెతికి చూశాను, డిలీట్ మార్క్ ఉన్న షాపు ఖాతాల్లో కొన్నిటికి బాకీ నిలిచి ఉంది. అందులో ఒకటి మా ఓనర్ గారు ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతున్న బాకీ. ఒక్క క్వెరీతో లేపేసి ఉంటే ఆయనకు జవాబు చెప్పలేకపోయేవాణ్ణి.

హైటెక్_సంధ్య
అలాంటి పాత ఖాతాల్లో మనుషుల ఫోన్ నంబర్లు, అడ్రస్‌లు కూడా ఉంటాయి. వరస ఉంచాల్సి వచ్చి, మనిషి వివరాలు అక్కర్లేనప్పుడు మేం ఫోన్ నంబర్ చెరిపేసి మిగతాది ఉంచుతాం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అడిగేది అదే, పని తీరిపోయాక చెరిపేయాలి, వేరే చట్టం ఉంచమంటే తప్ప. బాకీ ఉన్నవాళ్ల నంబర్ మాత్రం ఉంచుకోండి, పని తీరలేదు కదా.

మిర్చియార్డ్_ఫాక్స్‌ప్రో
నా ప్రశ్నకి ఇంకా జవాబు రాలేదు. రీస్టోర్ చేసి చూశారా?

బెజవాడ_సిస్టమ్స్
చూశాను సార్. మా అకౌంట్స్ మేడమ్ మెషీన్ మీద రీస్టోర్ చేశాం. ఆవిడే పాత బిల్లులు తెరిచి, లెడ్జర్ మొత్తాలు పక్కపక్కన పెట్టి సరిపోయాయని చెప్పారు. ఒక కాపీ ఎక్స్‌టర్నల్ డిస్క్ మీద ఓనర్ గారింటికి వెళ్లింది.

మిర్చియార్డ్_ఫాక్స్‌ప్రో
ఇక కానివ్వండి.

బెజవాడ_సిస్టమ్స్
ఏప్రిల్ అప్‌డేట్. కాపీ టేబుల్స్ పేరు మార్చినప్పుడు ఒక్కటి అరిచింది, ఐటమ్ ఓల్డ్‌ని స్టాక్ ఏజింగ్ రిపోర్ట్ వాడుతోంది. దాన్ని వెనక్కి పెట్టాం, మిగతావి డ్రాప్ చేశాం. యూజర్ లాగ్‌లో మూడేళ్లు ఉంచి పాతవి తీసి క్లస్టర్డ్ ఇండెక్స్ పెట్టాం. ఈ-ఇన్‌వాయిస్ ఫెయిల్ ప్రయత్నాలు 2000 చొప్పున రాత్రిళ్లు తీశాం. వార్‌క్యార్ మార్పు సాఫ్ట్‌వేర్ వాళ్లు తర్వాతి అప్‌డేట్‌లో ఇస్తామన్నారు. ఇప్పుడు ఫైల్‌లో వాడుకలో ఉన్నది 5.6 జీబీ. ఫైల్ సైజు మాత్రం ఇంకా 10 దగ్గరే చూపిస్తోంది, ష్రింక్ చేయాలా (ఫైల్‌ని కుదించాలా)?

క్వెరీ_కామేశం
వద్దు. లోపల ఖాళీ ఉంది, కొత్త బిల్లులు అందులోకే వెళ్తాయి, పరిమితి ఎర్రర్ రాదు. ష్రింక్ చేస్తే పేజీలు చిందరవందరై ఇండెక్సులు ముక్కలవుతాయి, వాటిని బాగుచేయడానికి రీబిల్డ్ చేస్తే ఫైల్ మళ్లీ పెరుగుతుంది.

బెజవాడ_సిస్టమ్స్
ఇంకో సమస్య. 2016 నుంచి 2020 దాకా బిల్లులు విడిగా ఆర్కైవ్ డేటాబేస్‌లోకి కాపీ చేసి రీడ్ ఓన్లీ పెట్టాం, అక్కడ అన్నీ సరిగా ఉన్నాయని తేలాక మెయిన్‌లోంచి తీద్దామని. చూడటం అవుతోంది, పాత బిల్లు ప్రింట్ కొడితే ఎర్రర్ వస్తోంది.

హైటెక్_సంధ్య
ప్రింట్ కొట్టినప్పుడల్లా బిల్లు హెడర్‌లో ప్రింట్ కౌంట్ అనే కాలమ్ పెంచుతుందేమో చూడండి. డూప్లికేట్ అని ముద్ర వేయడానికి చాలా సాఫ్ట్‌వేర్లు అలా చేస్తాయి.

బెజవాడ_సిస్టమ్స్
అవును, అదే! ప్రింట్‌నో అని ఉంది.

హైటెక్_సంధ్య
అయితే రీడ్ ఓన్లీ తీసేయండి. సాఫ్ట్‌వేర్ ఎస్ఏ (అన్ని హక్కులూ ఉన్న అడ్మిన్) లాగిన్‌తో కనెక్ట్ అవుతుంటే ముందు దాన్ని మార్చండి, ఎస్ఏకి ఏ డినై (నిషేధం) అడ్డురాదు. ఆర్కైవ్‌కి వేరే లాగిన్ పెట్టి, అన్ని టేబుల్స్ మీద ఇన్సర్ట్, డిలీట్ డినై చేసి, అప్‌డేట్ మాత్రం ఆ ఒక్క ప్రింట్‌నో కాలమ్‌కే గ్రాంట్ (అనుమతి) ఇవ్వండి. వేరే కాలమ్ ఏది ముట్టుకున్నా సర్వర్ ఒప్పుకోదు.

బెజవాడ_సిస్టమ్స్
ఎస్ఏనే వాడుతున్నారు. రేపు పొద్దున కౌంటర్ తెరిచేలోపు వేరే లాగిన్‌తో పెట్టి చూస్తా, ప్రింట్ వచ్చిందో లేదో ఇక్కడే చెప్తా.